నీలం పట్టకు కాటి ఖర్చు

“అమ్మా, ప్లాస్టిక్ రేకులైతే రెండు దినాల్లో కప్పు పడిపోతాది. నువ్వేమో వద్దంటావు!”

“పడిపోతాదనే వద్దంటుండా.”

“ఎగతాళి చేయొద్దుమా. అగ్గిపుల్లను గూడా రెండుగా చీల్చి వాడేదానివి నువ్వు. అట్లాంటిదానివి తక్కువలో అయ్యేదాన్ని కాదంటే ఎట్ల?”

“తక్కువని ఎవురు చెప్పినారు నీకు?”

“అంగట్లో చెప్పినారు.”

“అంగడోడు పురుటి ఖర్చు ఒక్కటే చెప్తాడు. మిగతా రెండూ నువ్వడగాల.”

“ఏం రెండు? గమ్మునుండమ్మా. ఎప్పటి మాటలో పట్టుకోనొస్తావు!”

మొన్న సాయంత్రం మా మిద్దె మీద నాకూ మా పెద్దోడికీ జరిగిన గొడవ ఇది. వాడు తిరుపతికీ తిరుచానూరుకూ మధ్య ఆటో నడుపుతాడు. వాడి కూతురు, అంటే నా మనవరాలు, ఎండలు ముదిరే వేళకు తొలి కాన్పుకు వస్తోంది. కింద ఉన్న గదులు మాకే చాలవు. అందుకని మిద్దె మీద ఒక గది లేపుతున్నాము. గోడలు లేచాయి, కప్పు మిగిలింది. పక్క వీధిలో లాడ్జి కట్టడానికి ఒక పాత పెంకుటిల్లు విప్పుతున్నారు. ఆ పెంకులూ వాసాలూ తెచ్చుకుందామని నా మాట. వడ్రంగి కూలి ఎక్కువ, పైగా వారం పడుతుందని వాడి మాట. వాడు చెప్పేదీ అబద్ధం కాదు. బిడ్డ వచ్చే వేళ దగ్గర పడుతోంది, చేతిలో ఉన్నదీ కొంచెమే.

కాని ఆ కప్పు కింద మధ్యాహ్నమంతా పడుకోబోయేది పచ్చి బాలింత, కళ్ళు కూడా సరిగ్గా తెరవని పసిగుడ్డు. తిరుపతి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పొద్దు గూకినా కొండ బండల్లోంచి సెగ వస్తూనే ఉంటుంది. నేను చదివింది మూడో తరగతి. వాడికి తెలిసేటట్టు లెక్క విడమరిచి చెప్పడం ఆ సాయంత్రం నాకు చేతకాలేదు. ఆ లెక్క పలక మీద నేర్చుకున్నది కాదు. మా జేజి, అంటే నాయన వాళ్ళ అమ్మ, చెనక్కాయ చేలో నేర్పించింది.

నా చిన్నప్పుడు మేము చిత్తూరుకు పడమటగా ఒక పల్లెలో ఉండేవాళ్ళం. చెరకూ చెనక్కాయా పండించే ఇల్లు మాది. ఇంటి పక్కనే పశువుల కొట్టం. దానికి చెరకు ఆకుతో కప్పు వేసేవారు. చెరకు నరికాక తోటలో మిగిలిన ఆకు కాబట్టి కొనే పని లేదు. కాని ఆ కప్పు ఒక వానాకాలం కాచి, మరో వానాకాలం వచ్చేసరికి కుళ్ళిపోయేది. అందుకని ఏటేటా చుట్టాలు వచ్చి కొట్టం మీదికి ఎక్కేవారు. వాళ్ళు కిందికి దిగేదాకా మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు. ఆ చివర సంగటి కెలకాలి, ఈ చివర ఊరుబిండి పచ్చడి నూరాలి, మధ్యలో మజ్జిగ మోయాలి.

ఆ ఏడు అమ్మ చంకలో చంటి తమ్ముడున్నాడు. నాయనకు అమ్మ మీద జాలి కలిగింది. ఆ మాట పైకి చెప్పే మనిషి కాదు. సంతకు పోయి, ఎద్దుల బండిలో ఒక పెద్ద నీలం ప్లాస్టిక్ పట్ట వేసుకొని వచ్చాడు.

మా జేజి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంటి తాళాలు బొడ్లో దోపుకొని తిరిగే మనిషి ఆమె. అక్షరం రాదు. కాని ఏ వస్తువు గడప దాటి లోపలికి వచ్చినా దాన్ని పుట్టిన బిడ్డలాగా లెక్క చూసేది. తెచ్చేటప్పుడు అయ్యేది పురుటి ఖర్చు. ఉన్నన్నాళ్ళూ దాన్ని సాకడానికి అయ్యేది కూటి ఖర్చు. పోయినాక సాగనంపడానికి అయ్యేది కాటి ఖర్చు. చీపురైనా, చేదబావి తాడైనా, కాడెద్దైనా ఆమెకు ఇదే లెక్క. చెరకు ఆకుకు పురుటి ఖర్చు లేదు, కూటి ఖర్చే ఎక్కువ, మా అమ్మ కెలికే సంగటంతా దాని కూడే అని నవ్వేది. అయితే పాత ఆకును పీకి పెంటదిబ్బలో వేస్తే ఎరువయ్యేది. చచ్చినాక కూడా మనకు అన్నం పెడుతుంది కాబట్టి దానికి కాటి ఖర్చు లేకపోగా ఎదురు వస్తుందనేది.

నీలం పట్టను వేళ్ళతో నలిపి చూసి, “పురుటి ఖర్చు బాగానే ఉండాది. కూటి ఖర్చో?” అని అడిగింది.

“ఏముండదుమా. ఒక తూరి కప్పితే మళ్ళా సూసే పనే లేదు.”

“కాటి ఖర్చు?”

నాయన నవ్వాడు. “ప్లాస్టిక్‌కు సావే లేదంటమా. అంగడోడు చెప్పినాడు.”

“సావు లేనిదాన్ని ఇంట్లోకి తెస్తివి. మనం సచ్చినాక దాన్ని ఎవురు సూస్తారురా?”

అన్నదే గాని వద్దనలేదు. పొయ్యి సెగకు కమిలిపోయిన కోడలి చేతులు ఆమె కూడా చూసే ఉంటుంది.

నిజం చెప్పాలి, ఆ మొదటి ఏడు పట్ట మమ్మల్ని మహారాజుల్లాగా చూసుకుంది. ఎంత వాన పడినా కొట్టంలో చుక్క కారలేదు. ఎండ దానిలోంచి దిగితే లోపలంతా నీలం. గడ్డి నీలం, కుండ నీలం, నా చేతులు నీలం. ఆ వానల్లోనే మా ఆవు ఈనింది. తెల్లటి పెయ్యదూడ. ఆ వెలుగులో అది కూడా నీలంగా కనిపించేది. దాన్ని బయటికి తోలి తెల్లగా చూడటం, మళ్ళీ లోపలికి తోలి నీలంగా చూడటం, అదే నాకు ఆట. ఆ పెయ్య నాదేనని జేజి ఒకరోజు అంది. అంతే, ఇక నేను దాని మెడ వదల్లేదు.

మరుసటి ఎండలకు పట్ట రంగు పాలిపోయింది. వేలు పెడితే అప్పడంలాగా చిట్లేది. తొలకరి గాలివానకు పీలికలు పీలికలై వాసాలకు వేలాడింది. చుట్టాలు మళ్ళీ వచ్చారు, అమ్మ మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. పాత కప్పు పీకితే పెంటదిబ్బలో వేయడం మా ఇంట్లో తాతల నాటి అలవాటు. నాయన చెయ్యి ఆ అలవాటు ప్రకారమే పోయింది. పీలికలన్నీ పోగు చేసి దిబ్బలో వేశాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, జేజికి కూడా. అప్పటిదాకా మా దిబ్బలో వేసింది ఏదీ మట్టి కాకుండా మిగిలింది లేదు.

దిబ్బలోని ఎరువు చేనికి పోయింది. చెనక్కాయ పండింది, పీకడం అయింది. పీకిన చేలో పశువులను వదిలాము. నేను గట్టు మీద కూర్చొని నా పెయ్యనే చూస్తున్నాను. అది మేత మాని తల అటూ ఇటూ విదిలిస్తోంది. నోట్లోంచి నీలంగా ఏదో వేలాడుతోంది. నేను కేక వేశాను. జేజి ఆ వయసులో ఎట్లా పరుగెత్తిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పెయ్య మెడను చంకలో ఇరికించుకొని, మణికట్టుదాకా చెయ్యి దాని గొంతులోకి పెట్టింది. మెల్లగా లాగింది. పీలిక వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. అంతా బయటికి వచ్చాక పెయ్య దగ్గింది. జేజి అక్కడే చేలో కూలబడి, దాని మూతిని ఒళ్ళో పెట్టుకొని పైట చెంగుతో తుడిచింది. మమ్మల్ని ఎవరినీ అట్లా తుడిచిన మనిషి కాదు.

పశువులను ఇంటికి తోలించింది. నన్ను మాత్రం ఉండమని, నా చేతికి ఒక బుట్ట ఇచ్చింది. “అమ్మణ్ణీ, నీలం ముక్క యాడ కనబడితే ఆడ ఏరు. ముక్కకొక చెనక్కాయ ఇస్తా.” నాకు పండగే అయింది. సాలు వెంట సాలు తిరిగాను. గోరంత ముక్కలు, జానెడు పీలికలు, మట్టిలో పొడుచుకొని నిలబడినవి. ఒక్కటీ మెత్తబడలేదు. పొద్దు వాలేసరికి నా నడుము పట్టేసింది, ఒళ్ళో మాత్రం చెనక్కాయలు నిండాయి. నాకు మంచి కూలి దొరికిందే అని మురిసిపోతూ ఆమె ముందు కూర్చున్నాను.

అప్పుడు జేజి మెల్లగా అంది. “ఇదే మే కాటి ఖర్చంటే. కొన్నోడు మీ నాయన. వద్దనకుండా ఊరుకున్నదాన్ని నేను. నడుము నొప్పి నీది. అంగడోడు ఈ లెక్క చెప్పలేదు సూడు.”

అని, నా నడుము మీద అరచెయ్యి పెట్టి రుద్దింది. ఆ చెయ్యి అప్పటికి కూడా పెయ్య చొంగ వాసన వేస్తోంది.

ఏరిన ముక్కలను ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఒక పిడికెడు తీసి నిప్పు పెట్టి చూసింది జేజి. నల్లటి పొగ వచ్చింది. లోపల తమ్ముడు దగ్గు అందుకున్నాడు. వెంటనే నీళ్ళు పోసి ఆర్పేసింది. మిగిలినదాన్ని గోనెసంచిలో కుక్కి అటక మీద పెట్టించింది. ఆ తర్వాత కూడా నేను ఎన్నో కార్తెలు ఆ చేలో ముక్కలు ఏరాను, చెనక్కాయలు అడగకుండానే.

కొట్టానికి నాయన మెల్లగా పెంకు వేయించాడు. దాని పురుటి ఖర్చు బరువే. కోతులు కదిపినప్పుడల్లా సర్దాలి, అది దాని కూడు. కాని పగిలిన పెంకును కొట్టి, స్నానాల నీళ్ళు పోయే జలదారి దగ్గర పరిస్తే కాలు జారకుండా ఉండేది. దాని చావు కూడా ఒక పనికి వచ్చేది.

జేజి పోయింది, నాయన పోయాడు, నా పెయ్య ముసలిదై పోయింది. చాలా ఏళ్ళకు ఆ ఇల్లు విప్పినప్పుడు అటక మీది గోనెసంచి పట్టుకుంటే పొడి అయింది. లోపలి ముక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఒకటి తెచ్చుకొని నా వక్కాకు సంచిలో పెట్టుకున్నాను. అంగట్లో ఏది బేరం చేసినా ముందు ఆ సంచిలోకి చెయ్యి పోతుంది. జేజి లెక్క నా వేళ్ళకు తగులుతుంది.

మొన్న సాయంత్రం గొడవ చల్లబడ్డాక ఇదంతా మా పెద్దోడికి చెప్పి, ఆ ముక్కను వాడి చేతిలో పెట్టాను.

“ఇది నాకంటే పెద్దదా?” అన్నాడు.

“నీకంటే ముందు మా ఇంటికొచ్చినది. నీకు అన్న అవుతాది.”

వాడు నవ్వాడు గాని ఓడిపోలేదు. “అదంతా పలచటి పట్టమా. ఇప్పుడొచ్చే రేకులు మందం. పదేండ్లు గ్యారంటీ అని రాసిస్తారు.”

“ఎవురికి రాసిస్తారు? ఎండకు రాసిస్తారా? ఆ రేకు కింద బాలింత పండుకోవాలంటే కూలర్ పెట్టాల. నెలనెలా వచ్చే కరెంటు బిల్లు ఎవురి కూడు?”

“సరే, నీళ్ళ పైపో? అది గూడా ప్లాస్టిక్కే. ఇనుపది వేయమంటావా?”

ఆ మాటలో న్యాయముంది. మా బోరు నీళ్ళు ఉప్పు. ఇనుప పైపును తినేస్తాయి, ఒకసారి మార్చి అనుభవించాము కూడా. ప్లాస్టిక్ పైపైతే గోడలో, ఎండ తగలని చోట ఉంటుంది. దానికి కూడు అక్కర్లేదు, అంత తొందరగా చావూ రాదు. జేజి ఉన్నా ఒప్పుకునేదే. “పైపు నీ ఇష్టం” అన్నాను. ఒక్క మాటైనా నెగ్గినందుకు వాడి మొహం కొంచెం విప్పారింది. కప్పు సంగతి మాత్రం ఏమీ తేల్చలేదు. నీలం ముక్కను జేబులో వేసుకొని కిందికి దిగిపోయాడు.

నిన్న పొద్దున కాఫీ గ్లాసు పట్టుకొని వాడు మిద్దె మీదికి పోయాడు. బట్టలుతికే బండ మీద నీడకని వాడే ఎప్పుడో కప్పిన ప్లాస్టిక్ రేకు ఒకటి ఉంది. దాని అంచును బొటనవేలితో నొక్కాడు. అప్పడం చిట్లినట్టు చిట్లింది. నేను మెట్ల మీదే ఉన్నాను. కాఫీ తాగేసి, ఆటో తీసుకొని పోయాడు.

ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చాడు. వెనక సీటు నిండా పాత పెంకులు, వాటి మీద అడ్డంగా నీళ్ళ పైపు, ప్లాస్టిక్‌దే. వాసాలు సాయంత్రం బండిలో వస్తాయన్నాడు. జేబులోంచి నీలం ముక్క తీసి నా చేతిలో పెట్టి, “ఇదిగో మాయన్న. భద్రంగా పెట్టుకో” అన్నాడు.

నేను దాన్ని వక్కాకు సంచిలో వేసుకొని, పెంకులు కడగడానికి బకెట్‌లో నీళ్ళు పట్టాను.