సైన్సు టీచరు చెప్పిన భారతం

మా బడిలో శనివారం పొద్దున ప్రార్థన అయ్యాక పది నిమిషాలు నావి. ఇరవై ఏళ్ళుగా నావే. రామాయణంలోంచో భారతంలోంచో ఒక కథ చెప్పి, దాని నీతిని పిల్లల చేత ఒకసారి గట్టిగా అనిపించి క్లాసులకు పంపేవాడిని. ఉయ్యూరులో నన్ను ఎరిగినవాళ్ళకు నా తెలుగు పాఠాలకంటే ఆ పది నిమిషాలే ఎక్కువ గుర్తు. బస్టాండులో ఎవరైనా పెద్దాయన ఆపి, మీరు చెప్పిన కథ మా పిల్ల ఇంటికొచ్చి మళ్ళీ చెప్పిందండీ అంటే, ఆ రోజు బస్సులో సీటు దొరక్కపోయినా విజయవాడ దాకా హాయిగా నిలబడి వచ్చేవాడిని.

మేము ఉండేది గవర్నర్‌పేటలో, ఒక హోల్‌సేల్ మందుల దుకాణం పై అంతస్తులో. ఆ ఏడాది వానాకాలం నాకు వైరల్ జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. సోమవారం బడికి వెళ్ళేసరికి ఏడో తరగతి పిల్ల ఒకతి వరండాలో ఎదురై అడిగింది.

"సార్, మయసభలో పడిపోయాక దుర్యోధనుడికి పొడి బట్టలు ఇప్పించారంట కదా. మీరెప్పుడూ చెప్పలేదేంటి సార్?"

నిజమే, ఇప్పించారు. నీళ్ళను నేల అనుకుని దుర్యోధనుడు మడుగులో పడ్డాడు, చూసినవాళ్ళు నవ్వారు, ధర్మరాజు మాత్రం పొడి బట్టలు తెప్పించి ఇచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నేను ఎప్పుడూ నవ్వు దగ్గర ఆపి, అసూయ చెడ్డదని చెప్పి ముగించేవాడిని. ఎవరు చెప్పారమ్మా అంటే, సైన్సు టీచరు చెప్పారంది. నేను రాలేదని శనివారం హెడ్మిస్ట్రెస్ గారు ఆవిడను చెప్పమన్నారట. తర్వాత ఆవిడ పిల్లలను ఒకటే అడిగారట: దుర్యోధనుడికి ఇంటికెళ్ళాక గుర్తున్నది పొడి బట్టలా, నవ్వా? అందరూ నవ్వే అన్నారట. అయితే ఇవాళ మీ ముందు ఎవరైనా జారి పడితే మీరేం చేస్తారో ఆలోచించుకోండి అని ఊరుకున్నారట. నీతి వాక్యం కూడా చెప్పలేదు.

సైన్సు టీచరు జూన్‌లో చేరిన మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. వాళ్ళాయనకు ఇబ్రహీంపట్నంలో ఉద్యోగం. ఆవిడ అక్కణ్ణుంచి విజయవాడ వచ్చి, నేను ఎక్కే బస్సే ఎక్కేది. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం. అంతకుమించి నాకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి, కొత్తావిడ ఎంత బాగా చెప్పిందో వర్ణించి, ఇకనుంచి ఒక శనివారం మీరు, ఒక శనివారం ఆవిడ చెప్పండి మాస్టారూ అన్నారు. తప్పకుండానండీ అన్నాను. ఆ మాట అనేటప్పుడు నవ్వాను కూడా.

మొదటిసారి ఆవిడ కథ విన్నది ఆ శనివారమే. కైకేయి కథ ఎత్తుకుంది. పట్టాభిషేకం వార్త మంథర మోసుకొస్తే కైకేయి ముందు ఏం చేసిందో తెలుసా అని అడిగింది. సంతోషించింది, ఇంత మంచి కబురు చెప్పావని నగ తీసి ఇచ్చింది. అది ఆమె మొదటి మనసు. ఆ తర్వాత వచ్చింది ఇంకొకరి మాట. ఆవిడ గొంతు పెద్దది కాదు. చేతులు తిప్పదు. అయినా ఆరువందలమంది పిల్లల్లో ఒక్కరూ దగ్గలేదు. నేను లెక్కపెడుతున్నాను కాబట్టి తెలుసు. వాచ్‌మన్ గేటు వదిలి పది అడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు. నా కథకు అతను ఏనాడూ రాలేదు.

ఆ రోజు నా ఛాతీలో మొదలైన మంట గురించి ఇప్పుడు దాచుకోనవసరం లేదు. ఆవిడ తప్పు చేస్తే బాగుండునని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. దశరథుడు అనడంలో థ ఒత్తు సరిగా పలకలేదు. అదొక్కటి దొరికింది. ఇంటికెళ్ళి మా ఆవిడతో అదే చెప్పాను. ఒత్తులు పలకడం రానివాళ్ళు రామాయణం చెప్పడమేమిటన్నాను. ఆమె కూర తరుగుతూ, పిల్లలు వింటున్నారా అని అడిగింది. వింటున్నారన్నాను. మరి మీ బాధేంటి అంది. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

తర్వాతి శనివారం నాది. ఆవిడలాగే నేనూ ప్రశ్నలు వేద్దామనుకుని, మీలో ఎవరైనా ఎప్పుడైనా అబద్ధం చెప్పారా అని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. ముందు వరసలో ఇద్దరు ఆవిడ వైపు చూశారు, జవాబు చెప్పొచ్చా అన్నట్టు. ఆ చూపు నాకు నెలరోజులు నిద్ర లేకుండా చేసింది. స్టాఫ్‌రూములో ఆవిడ టిఫిన్ డబ్బా తెరిచి అందరికీ పెడుతుంటే నాకు ఆకలి లేదనేవాడిని. బస్సులో నమస్తే మాస్టారూ అంటే తల ఊపి కిటికీలోకి చూసేవాడిని. పిల్లలు ఆవిడ చుట్టూ మూగితే, క్రమశిక్షణ లేకుండా పోతోందని గొణిగేవాడిని. అన్నిటికీ ఏదో ఒక మంచి పేరు దొరికేది నాకు. ఒకటి క్రమశిక్షణ, ఒకటి భాష, ఒకటి సంప్రదాయం.

దసరా సెలవులు అయ్యాక ఒక మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళాను. ఆవిడ మళ్ళీ సైన్సు టీచరు మాటే ఎత్తి, ఈ అమ్మాయి మనకు దొరకడం మన అదృష్టం అన్నారు. అప్పుడు నేను కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని అన్నాను.

"రేపు ఏ పేరెంటయినా వచ్చి అడిగితే మనమేం చెప్తామండీ? ఆవిడేమో చర్చికి వెళ్ళే మనిషి. మన దేవుళ్ళ కథలు ఆవిడ చేత చెప్పిస్తున్నారేంటని ఎవరన్నా అంటే, బడికే కదండీ మాట."

"ఎవరన్నా అన్నారా?"

"ఇంకా అనలేదు. అనకముందే మనం చూసుకుంటే మంచిదని."

హెడ్మిస్ట్రెస్ గారి ముఖంలో సంతోషం మెల్లగా ఆరిపోయింది. ఆ ఏడాదే ఆవిడ రిటైర్‌మెంట్. ఏ గొడవా లేకుండా దిగిపోవాలనేది ఆవిడ ఆశ, అది నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. రెండు రోజుల తర్వాత శనివారాలు మళ్ళీ నాకొక్కడికే వచ్చాయి.

ఆ వారమే బస్సులో ఆవిడ నా పక్క సీటు ఖాళీ అయితే వచ్చి కూర్చుంది. కంకిపాడు దాటింది. తర్వాత అడిగింది.

"మాస్టారూ, మీరు పెద్దవారు. నేను చెప్పినదాంట్లో తప్పేమన్నా దొర్లిందాండీ?"

"తప్పేం లేదమ్మా."

"పేరెంట్స్ ఏమన్నా అనుకుంటారని మేడమ్ గారు ఆపేశారండీ. ఎవరన్నారో చెప్పలేదు."

రోజులు అలా ఉన్నాయమ్మా అన్నాను. అంత తేలిగ్గా ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. ఆవిడ కాసేపు ఒళ్ళో బ్యాగు పట్టీ సర్దుకుంటూ కూర్చుని, వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ఆయన ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడట. ఆదివారం చర్చిలో వాయించేదీ అదే పెట్టె. చిన్నప్పుడు రిహార్సల్సులో ఈవిడ ఆ పెట్టె పక్కనే కూర్చునేదట. పద్యాలన్నీ అలా వచ్చాయట.

"కృష్ణుడి వేషం వేసిన ఆయన పద్యం ఎత్తుకుంటే శ్రుతి ఇచ్చింది మా నాన్నేనండీ. నువ్వు ఏ గుడికి వెళ్తావని ఆయన్ని ఎవ్వరూ అడగలేదు," అంది.

నాకు అప్పుడైనా సిగ్గు వేయాలి. వేయలేదు. నేను పరీక్షల కోసం బట్టీపట్టిన పద్యాలు ఈవిడకు ఆడుకునే వయసులో ఊరికే వచ్చాయా అని ఇంకాస్త కుళ్ళు పుట్టింది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగేటప్పుడు ఆవిడ, విసిగించాను ఏమీ అనుకోకండి మాస్టారూ అంది.

శనివారాలు నా చేతికి వచ్చాయి కానీ పిల్లలు రాలేదు. నేను చెబుతుంటే కాళ్ళు మార్చుకుని నిలబడేవారు. నీతి వాక్యం అనమంటే అనేవారు, బండి హారన్ కొట్టినట్టు. ఆ పొడి బట్టల పిల్ల నేల చూస్తూ నిలబడేది. అలా రెండు నెలలు గడిచాయి. సంక్రాంతికి ముందు ఒక శుక్రవారం సాయంత్రం, మర్నాటి కథ కోసం సభాపర్వం తెరిచాను. అసూయ మీద చెబుదామనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఏడాదికొకసారి చెప్పే కథ.

మయసభ నుంచి తిరిగొచ్చాక దుర్యోధనుడు చిక్కిపోతాడు, పాలిపోతాడు. తండ్రి కారణం అడుగుతాడు. పాండవుల వైభవం చూశాక నాకు తిండి సహించడం లేదు, లోపల కాలిపోతున్నాను అని కొడుకు చెబుతాడు. ఆ మాటలు నేను ఎన్నిసార్లు చదివానో. అంత చెడ్డవాడని పిల్లలకు చెప్పే మనిషి, తన మంటకు మంట అనే పేరు పెట్టి తండ్రి ముందు ఒప్పుకున్నాడు. నేను సంప్రదాయం అన్నాను. పేరెంట్స్ అన్నాను. నా ఇంట్లో నా భార్య సూటిగా అడిగినా చెప్పలేదు. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి ఏమైందంది. ఆ రోజు చెప్పాను, మొత్తం. ఆమె నన్ను తిట్టలేదు. ఆ టీచరుకి చెప్పండి, నాకెందుకు అంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆ కథే చెప్పాను. పొడి బట్టలు కూడా చెప్పాను. ఈ కథ నాకంటే సైన్సు టీచర్ గారు బాగా చెప్పారు అని అందామనుకుని ఊపిరి కూడా తీసుకున్నాను. నోరు రాలేదు. నీతి వాక్యం లేకుండా దిగిపోయాను.

మధ్యాహ్నం ల్యాబ్‌కు వెళ్ళాను. ఆవిడ సింకు దగ్గర పరీక్ష నాళికలు కడుగుతోంది. గుమ్మంలో నిలబడే చెప్పాను: ఏ పేరెంటూ ఏమీ అనలేదు, హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర ఆ మాట పుట్టించింది నేను, మీరు నాకంటే బాగా చెబుతున్నారని ఓర్వలేక అన్నాను. కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆవిడ కట్టేయలేదు. నా వైపు తిరక్కుండానే మాట్లాడింది.

"రెండు నెలల్నించీ గేటు దగ్గర ప్రతి పేరెంటు మొహం చూస్తున్నానండీ. వీళ్ళన్నారా, వాళ్ళన్నారా అని. నాకు నమస్కారం పెట్టినవాళ్ళని కూడా అనుమానించాను."

కడిగిన నాళికను స్టాండులో పెట్టి మళ్ళీ అంది.

"నా కథ బాగోలేదని మొహం మీద అన్నా పడేదాన్ని మాస్టారూ. ఆ మాట మాత్రం అనకుండా ఉండాల్సిందండీ."

క్షమించమన్నాను. ఇప్పటికిప్పుడు ఏం చెప్పమంటారండీ, నాకు టైం పడుతుంది అంది. అక్కణ్ణుంచి నేరుగా హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది, వచ్చి తీరాలి. ఒక మంచి అమ్మాయితో అనకూడని మాట నా చేత అనిపించారు మీరు అన్నారు. సోమవారం సైన్సు టీచరును పిలిచి క్షమాపణ అడిగి, మళ్ళీ కథలు చెప్పమన్నారు. ఆవిడ సున్నితంగా వద్దంది. ఇప్పుడు మైకు పట్టుకుంటే కథ మీద మనసు నిలవదు మేడమ్ అందట.

ఆ ఏడాదంతా బస్సులో నమస్తే అనేది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. వేసవి తర్వాత ఇబ్రహీంపట్నంలో, ఇంటికి దగ్గరలో ఉన్న ఒక బడిలో చేరిపోయింది. వీడ్కోలు రోజున పొడి బట్టల పిల్ల ఏడ్చింది. నా రిటైర్‌మెంట్‌కు ఎవరైనా ఇలా ఏడుస్తారా అని ఆ క్షణంలో కూడా నాకు అనిపించింది. ఇది ఒకసారి ఒప్పుకుంటే పోయే జబ్బు కాదని అప్పుడు తెలిసింది.

ఏడాదిన్నర తర్వాత, ఈ మధ్యే, ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పేరు చూసి ఉలిక్కిపడ్డాను.

"మాస్టారూ, చిన్న డౌటండీ. సీతమ్మ ఏదని రాముడు లేళ్ళని అడిగితే అవి దక్షిణం వైపు చూశాయంటారు కదా. అది జటాయువు కనపడక ముందా, తర్వాతాండీ?"

ముందే అని చెప్పి, ఏ కాండలో ఎక్కడుందో చెప్పాను. శనివారం పిల్లలకు చెప్పాలండీ, తప్పు చెప్పకూడదని మీకు చేశాను అంది. ఇక్కడ ప్రతి శనివారం నాదేనండీ అని కూడా అంది. లేళ్ళ సంగతి నేను నా జన్మలో పిల్లలకు చెప్పలేదు. ఆ మంట మళ్ళీ అక్కడే, ఛాతీలో ఎడమవైపు, మొదలైంది. ఈసారి దానికి వేరే పేరు వెతకలేదు.

"టీచర్ గారూ, మీరేమీ అనుకోనంటే ఒకటి చెప్తాను. ఇప్పుడు కూడా నాకు కుళ్ళుగానే ఉందండీ."

 ఆవిడ నవ్వింది.

"ఆ రోజే ఇలా అనుంటే ఎంత బాగుండేదండీ," అంది. "ఒక శనివారం వచ్చి వినండి మాస్టారూ. ఒత్తులు తప్పితే చెబుదురుగాని."

ఒత్తుల సంగతి ఆవిడకు ఎలా తెలిసిందో అడగలేదు. వస్తానన్నాను. మా ఇంటి నుంచి ఇబ్రహీంపట్నం ముప్పావుగంట ప్రయాణం. కానీ వెళ్ళాలంటే నా శనివారం వదులుకోవాలి. రెండు వారాలు ఏదో ఒక సాకుతో గడిపాను. నిన్న సెలవు చీటీ రాసి ఇచ్చాను. మరి ఆ రోజు కథ ఎవరు చెబుతారని కొత్త హెడ్మాస్టారు అడిగితే, కొత్తగా వచ్చిన సోషల్ మాస్టారు తను చెబుతానన్నాడు. కుర్రవాడు, గొంతు బాగుంటుంది. చెప్పండి అన్నాను. పొడి బట్టల దగ్గర ఆపకండి, దుర్యోధనుడు తండ్రితో ఏమన్నాడో కూడా చెప్పండి అని సభాపర్వం అతని చేతిలో పెట్టాను. అతను ఎలా చెబుతాడో ఏమోనని నిన్నటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.