బిగుసుకున్న కుట్టు

సోఫాలకు దిండ్లు కుట్టే ఆమెను వీధిలో అందరూ దిండ్లమ్మ అనేవారు. ఎండల్లోనూ వదులు చొక్కాలే వేసుకునేది. ఆమె రొమ్ములు గుండ్రంగా పెరగలేదు. అడుగున ఇరుకై, గొట్టాల్లా ముందుకొచ్చాయి. ఎడమది మరీనూ. నలభై దగ్గరపడ్డాక ధైర్యం కూడగట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్తే, తోడొచ్చిన అక్క నోరు ఊరుకోలేదు.

"ఈ వయసులో పెద్దవి కావాలా నీకు?"

"పెద్దవి కాదక్కా, మామూలువి! ఎన్నిసార్లు చెప్పాలి?"

డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. లోపల బిగుసుకున్న కణజాలాన్ని కోసి వదులు చేయాలి. చిన్న సిలికాన్ సంచి పెట్టాలి. చనుమొన చుట్టూ సాగిన వలయాన్ని కుదించాలి. సంచి వద్దంటే ఒంట్లోని కొవ్వే తీసి నింపవచ్చు, కానీ కొంత కరిగిపోతుంది.

"కుట్టు వదలకుండా దూది కూరితే దిండు పొడుచుకొచ్చినట్టే కదండీ?"

"అంతేనమ్మా. కాకపోతే ఎడమవైపు ఒక్కసారితో అవదు. ముందు చర్మం సాగదీసే సంచి పెట్టి, కొన్ని నెలలు ఆగి రెండో ఆపరేషన్ చేయాలి."

రెండుసార్లా! దిండ్లమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

"విన్నావుగా, ఇంటికి పద. అయినా ఎవరు చూస్తారే?" అంది అక్క.

"ఎవరూ చూడకూడదనేగా ఇన్నేళ్లూ చచ్చాను!" అని కసిరి, దిండ్లమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది. "కుడివైపుది మొదటిసారే చేసేస్తారా, దాన్నీ రెండోసారిదాకా ఆపుతారా?"