చేసినవాడెవరు

దాజీ పేట్‌లో మా వరుస ఇండ్ల చివర ఉండే కాక పోయాడని పదిహేను రోజుల కింద పొద్దున్నే కబురొచ్చింది. కబురు తెచ్చినాయన “ఆయన రాత అంతే ఉండె” అన్నాడు. జీవితమంతా కాకకు నచ్చని మాట అదొక్కటే.

ఆయన నాకు రక్తసంబంధి కాడు. మా నాయన పోయాక నాకు మగ్గం నేర్పినవాడు. రోజూ మగ్గం గుంతలో కాళ్లు పెట్టేముందు పైకే అనేవాడు, “సామీ, ఇయ్యాల నేను కోపం జేస్కోను.” సాయంత్రం దీపం ముందు లెంపలేసుకుని, “జేస్కున్న సామీ. నేనే” అనేవాడు. నేను నవ్వితే, “మన మార్కండేయుడు పదహారేండ్లకే సావాలని రాసి ఉండె. రాసి ఉంది గదా అని ఆయన ఊకుంటే, ఇయ్యాల మనం ఎవ్వరికి మొక్కుదుంరా?” అని అడిగేవాడు.

పన్నెండేండ్ల కింద ఒక ఎండాకాలం. నాకు ఇరవై దాటాయి. చెప్పులు కుట్టేవాళ్ల వాడ నుంచి నిండు చూలాలొకామె ఖాళీ కుండతో వచ్చి మా బావికి దూరంగా నిలబడింది. ఆమెను గట్టెక్కనిచ్చే ఆచారం లేదు. కాక నా వైపు తిరిగి, “ఏం జేద్దమంటవ్?” అన్నాడు. చెయ్యమని చెప్పలేదు, అడిగాడంతే. నేనే ఆమెను గట్టు మీదికి పిలిచి, చేద వేసి నీళ్లు తోడాను. నిండిన కుండను కాక ఆమె తలకెత్తాడు.

మూడోరోజు కులపెద్దలు పిలిపించారు. అందులో ఒకాయన మెత్తగానే మాట్లాడాడు. “మీరు కావాలని జేస్తరా ఏంది? దేవుడే గా గడియల మతి మార్చిండు. గట్ల ఒప్పుకోండ్రి, గంగనీళ్లు సల్లి ఇడిసిపెడ్తం.”

ముందు నన్నే అడిగారు. “కాక జెయ్యమన్నడు, జేసిన. అంతా కర్మ” అన్నాను. నా మీద నీళ్లు చల్లారు.

కాక లేచాడు. “దేవుని మీదెందుకు పెడ్తరు? మతి ఉండే జేసిన, నేనే జేసిన. రేపు ఆయన అడిగేది నన్ను ఒక్కన్నే గదా. అప్పుడు మీ అందరి ఎనక దాక్కోవాల్నా?”

నాది అబద్ధమని మాత్రం అనలేదు. నా వైపు చూడనైనా లేదు.

ఆయన్ని వెలేశారు. వీధిలో పడుగు దారాలు సాచి గంజి పెట్టాలంటే పదిమంది చేతులు కావాలి. మూడేండ్లు కాకా, ఆయన భార్య చిన్నమ్మా ఇద్దరే అటు కొసకూ ఇటు కొసకూ పరుగెత్తుతూ ఆ పని చేసుకున్నారు. నేను మా గడపలో కూర్చుని చూశాను. పోకపోవడం కూడా నా కర్మే అనుకున్నాను. ఎంత సుఖమైన మాట!

తర్వాత తర్వాత జనమే మెత్తబడ్డారు. రెండేండ్ల కింద ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి ఆయన దగ్గరికి పోయాను.

“అప్పటి రోజులట్ల ఉండె కాకా. భయం అట్ల జేయించింది. నన్ను మన్నించు.”

కాక మగ్గం ఆపాడు. “మన్నిస్త. కాని, రోజులు జేసినయంటవ్, భయం జేసిందంటవ్. మన్నించనీకి, చేసినోడు ఒక్కడన్న ఉండాలె గదా?”

ఎగతాళిగా అనలేదు. నా మొఖంలోకి చూస్తూ నిజంగానే ఎదురుచూశాడు. ఒక్క మాట చాలు. నేను “నడువు కాకా, చాయ తాగొద్దాం” అన్నాను. ఆయన భుజం మీద తువ్వాలు వేసుకుని కొంతం చౌక్ దాకా నా వెంట వచ్చాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

దినాలు అయిపోయాక నిన్న చిన్నమ్మ దగ్గరికి పోయి చెప్పాను. “ఆ రోజు ఆమెను పిలిచింది నేనే చిన్నమ్మా. కాక జెయ్యమనలే. పెద్దల ముంగట అబద్ధమాడింది గూడ నేనే.”

“ఆయనకు ఎరుకే గద బిడ్డా” అంది చిన్నమ్మ. “నీ నోటెంట ఇనాలని సూసిండు.”

చేట దగ్గరికి లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరసాగింది. దొరికిన రాయినల్లా గడప మీద పెడుతోంది. నేను లేవలేక, వాటినే చూస్తూ కూర్చున్నాను.