కాలు తీయకుండా నొక్కాల్సిన బటన్

ఎడమ మోకాలు అరిగి లారీ దిగేశాక మా ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. కైకలూరు చెరువుల నుంచి చేపలు తెచ్చే మా డీజిల్ పికప్‌కి క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. దాన్ని జీతానికి పెట్టుకున్న డ్రైవరు నడిపేవాడు. "క్లచ్ లేకుండా అదేం డ్రైవింగే? కుర్చీలో కూర్చున్నట్టు," అనేవారు ఈయన. రోజంతా గుమ్మంలోనే కూర్చునేవారు. చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది.

నేను ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డులో గేర్‌బాక్సులు విప్పుతూ పెరిగినదాన్ని. హనుమాన్ జంక్షన్ దగ్గర ఇంకా తెరవని బైపాస్ మీద పికప్‌ల పందెం పెడుతున్నారని తెలిసి, "నడిపేది మీరే," అని తేల్చి చెప్పాను.

ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ అని నూనె నిండిన డబ్బా ఉంటుంది. బయల్దేరేటప్పుడు ఆ నూనె జారుతూ ఇంజన్ని తేలిగ్గా తిరగనిస్తుంది, ఇంజన్లోకి గాలి నెట్టే టర్బోకి ఊపిరందుతుంది. ఆ తర్వాత కూడా జారుతూనే ఉంటే బలమంతా వేడైపోతుంది. అప్పుడు లోపలున్న లాకప్ అనే బిళ్ళ పట్టుకోవాలి, రెండూ ఒక్కటై తిరగాలి. తొందరపడి పట్టిస్తే ఇంజను చతికిలబడుతుంది. ఆ పని కంప్యూటరు నుంచి తప్పించి గేరు రాడ్డు మీద ఒక బటన్ పెట్టాను. ఎప్పుడు నొక్కాలో చెవే చెప్పాలి. "ఇదిగోండి మీ క్లచ్," అన్నాను.

మైలవరం దగ్గర మా తమ్ముడి మామిడితోట దారిలో సాధన మొదలుపెట్టాం. బటన్ నొక్కగానే ఈయన కుడికాలు యాక్సిలరేటర్ మీంచి లేచేది. లారీలో క్లచ్ తొక్కినప్పుడల్లా ఆ కాలు తీసిన మనిషి మరి. కాలు లేస్తే టర్బో ఈల ఆగిపోయేది, బండి డీలా పడేది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"కాలు తీయకండీ బాబూ."

"నేనెక్కడ తీశానే?"

ఆయనకు నిజంగానే తెలియడం లేదు. చివరికి పక్క సీట్లో కూర్చుని ఆ కుడి మోకాలి మీద చెయ్యి వేసి అదిమాను. "ఇప్పుడు నొక్కండి," అన్నాను. నొక్కారు. బండి మా ఇద్దరి వీపులూ సీట్లకేసి కొట్టింది.

పందెం రోజు పక్కన మనిషి ఉండకూడదన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పక్కకొచ్చి నిలబడ్డాను. మళ్ళీ కాలు తీశారంటే ఈయన ఇక గుమ్మంలోంచి లేవరు. అదే నా భయం.

జెండా దిగింది. నల్లటి పొగలోంచి టర్బో ఈల సన్నగా మొదలై పైకి, ఇంకా పైకి వెళ్ళింది. నా చెయ్యి దానంతటది నా మోకాలి మీద పడింది. ఇప్పుడు, అనుకున్నాను. ఈల తెగలేదు. ఇంజను గొంతు ఒక్కసారిగా బరువెక్కింది, బండి వెనక భాగం కుంగి ముందుకు దూసుకుపోయింది. నేను పెట్టిన బటనే, నేను బిగించిన బోల్టులే, అయినా ఒళ్ళు జలదరించింది. ఇంత బలం మా చేపల బండిలో ఎక్కడ దాగుందో, ఆ మనిషిలో ఎక్కడ దాగుందో! దండం పెట్టాలనిపించి పెట్టేశాను.

గెలిచింది పక్క బండి. ఈయన ఆ సంగతే అడగలేదు. కుంటుకుంటూ దిగి, "విన్నావా? జారుడు ఆగగానే ఆ చప్పుడు ఎలా మారిందో," అన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి. బండి ఇంటికి తీసుకెళ్దామని మా డ్రైవరు తాళం కోసం చెయ్యి చాచాడు. ఈయన తాళం జేబులో వేసుకున్నారు.

"రేపు కైకలూరు నేనే వెళ్తాలేవోయ్," అన్నారు అతనితో. "నువ్వు పక్కన కూర్చో, చాలు."