మెట్ల మీద నన్ను ఆపిన బావ

మా బావ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్న బందరు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "మావయ్యా, నాన్న లేరు" అంది. నిద్రలోనే గుండె ఆగిందట. బుధవారం సమాధి చేశారు. మా ఊరి నుంచి వెళ్ళింది నేనొక్కణ్ణే. ఎందుకు ఒక్కణ్ణే వెళ్ళానో చెప్పడానికే ఇది రాయిస్తున్నాను. ఆయన మంచితనం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నా తప్పు నేను తప్ప ఎవరూ చెప్పలేరు.

ఆయన మా మేనత్త కొడుకు. దివిసీమలో మా ఇంట్లోనే పెరిగాడు. నేను మూడో క్లాసులో మానేశాను, ఆయన చదువుకుంటూ పోయి కరెంటు ఇంజనీరయ్యాడు. చివర్లో కరెంటు కమిషన్లో మెంబరయ్యాడు. కరెంటు కంపెనీలు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో తేల్చే కుర్చీ అది. ఏ ఇంటికొచ్చినా గడప దాటక ముందే మీటరు వైపు తలెత్తి చూసేవాడు. మా ఆవిడ, "అన్నయ్యగారూ, ముందు మనుషుల్ని చూడండి" అనేది.

ఒకసారి గుడివాడలో వాళ్ళ విచారణ జరుగుతుంటే చూద్దామని వెళ్ళాను. ఒక ముసలి రైతు కాగితం పట్టుకుని చదవలేక తడబడుతున్నాడు. వెనక ఎవరో ఆఫీసర్లు నవ్వారు. బావ వాళ్ళ వంక ఒక చూపు చూసి, "కాగితం జేబులో పెట్టుకోండి పెద్దాయనా. కూర్చుని మీ మోటారు ఎన్నిసార్లు కాలిందో చెప్పండి" అన్నాడు. ఆయన చెప్తుంటే తనే రాసుకున్నాడు. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో నాకు తెలుసు.

రిటైరయ్యాక బెజవాడలో పెద్ద లాయర్ల కంపెనీలో చేరాడు. వాళ్ళ కరెంటు కేసుల విభాగంలో సలహాలు చెప్పే పని. కంపెనీలకి ముకుతాడు వేసినవాడివి, ఇప్పుడు వాళ్ళ లాయర్ల పక్కన కూర్చుంటావా అని మొహం మీదే అడిగాను. తనకి తెలిసిన పని అదొక్కటేనన్నాడు. నాకు నచ్చలేదు. పోయాడని అబద్ధం చెప్పను, ఇప్పటికీ నచ్చలేదు.

తర్వాత ఏడాదే మా చేల నడిమధ్య నుంచి పెద్ద లైను వేస్తామని ఒక కంపెనీ వచ్చింది. టవర్లు మురుగు కాలవ గట్టు మీద వేసుకోండి, పొలాల్లోకి రావద్దు అని మా మాట. తేల్చాల్సింది కమిషన్. చర్చి వరండాలో కూర్చుని కాగితం రాయించాం. అందులో చివర ఇంకో మాట కూడా ఉంది. గట్టు మీద కుదరదంటే చేల అంచునైనా ఒప్పుకుందామని. అది మాలో మాట, కమిషన్‌కిచ్చే కాగితంలో ఉండదు. అవతలివాళ్ళ చెవిన పడిందంటే గట్టు సంగతి ఇక ఎవరూ ఎత్తరు.

మా ఊరికి ఆయన కుర్చీ దిగినా మెంబరుగారే. ఆయనకి చూపిస్తే అంతా చక్కబెడతాడని కాగితాలు సంచిలో పెట్టి నన్ను పంపారు. నాకూ అదే నమ్మకం.

బెజవాడలో ఆయన ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యట్లేదు. నేనొచ్చానని కింద నుంచి చెప్పారేమో, ఆయనే దిగొచ్చి మెట్ల మలుపులో నాకు అడ్డంగా నిలబడ్డాడు. బావా, మన ఊరి లైను సంగతి, అని సంచిలో చెయ్యి పెట్టానో లేదో, నా మణికట్టు పట్టుకున్నాడు.

"తియ్యకు. ఒక్క మాట కూడా చెప్పకు. ఇంటికెళ్ళిపో."

ఎందుకని అడిగాను. చెప్పలేదు.  ఊరి మనిషిని మెట్ల మీదే ఆపి, కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశాడని నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి విదిలించుకుని దిగొచ్చేశాను. ఊళ్ళో టీకొట్టు దగ్గర నిలబడి, అమ్ముడుపోయాడని చెప్పాను. ఒకసారి కాదు, అడిగిన ప్రతివాడికీ చెప్పాను. గుడివాడలో పెళ్ళి భోజనాల దగ్గర ఆయన ఎదురు వరసలో కూర్చుంటే, మెంబరుగారికి కంపెనీ వంటలు అలవాటు, మన పప్పు ఎక్కుతుందో లేదో అడిగి వడ్డించండి అన్నాను. అందరూ నవ్వారు. ఆయన ఇంకో గరిటె పప్పు వేయించుకుని, తల దించుకుని తినేసి వెళ్ళాడు.

బందరులో విచారణ రోజు కంపెనీ తరఫున ఒక లాయరు లేచాడు. అతని ఫైలు మీద బంగారు అక్షరాలు. నాది కూడబలుక్కునే చదువు. అయినా ఆ అక్షరాలు గుర్తుపట్టాను. బెజవాడలో బావ ఆఫీసు మెట్ల దగ్గర బోర్డు మీదున్నవే.  ఊరి గుట్టు సంచిలో పెట్టుకుని నేను తీసుకెళ్ళింది ఆ గుమ్మానికే.

లాయరు చాలాసేపు మాట్లాడాడు. చేల అంచు మాట ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అనలేదు. వాళ్ళకి తెలిస్తే కదా. తర్వాత ఆర్డరొచ్చింది, లైను గట్టు మీదుగా పోవాలని. విచారణలో బావ ఎక్కడా లేడు.

ఆర్డరొచ్చిన సాయంత్రమే బావ ఇంటికి వెళ్ళాను. ఆ రోజే చెప్పొచ్చు కదా అన్నాను.

"మా ఆఫీసు ఆ కంపెనీ కేసు పట్టిందని నీకు చెప్తే వాళ్ళకి ద్రోహం, ఊరి గుట్టు నీ నోట వింటే మీకు ద్రోహం. ఇంకేం చెయ్యను, మెట్ల మీదే ఆపాను."

"ఊళ్ళో నిన్ను ఎన్నెన్ని మాటలన్నానో తెలుసా?"

"నీ నోరు నాకు కొత్తేంట్రా" అని కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

ఊళ్ళో అందరికీ చెప్తానని మాటిచ్చి వచ్చాను. చెప్పలేదు. ఊరి తరఫున తిరిగి కేసు గెలిపించానని ఊళ్ళో నాకు శాలువా కప్పారు. అవతలివాళ్ళ గుమ్మం దాకా గుట్టు మోసుకెళ్ళింది నేనేనని ఆ శాలువాతో ఎలా చెప్పను? పైగా కంపెనీ లాయర్లు ఆయన ఆఫీసువాళ్ళేనని తెలిశాక, నేనన్నదే నిజమని ఊరంతా నమ్మింది. తర్వాత ఎన్నిసార్లు కలిసినా, చెప్పావా అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

మంగళవారం టీకొట్టు దగ్గరికెళ్ళి, రేపు బందరు పోదాం రండి అన్నాను. మా రైతుల్లో ఒకడు గ్లాసు దించకుండానే, "అమ్ముడుపోయినోడికి మనం మట్టెయ్యడం ఏంటి బాబాయ్? ఆ మాట నువ్వేగా అంది" అన్నాడు. నేను నోరు తెరవలేదు. అప్పుడు కూడా.

బుధవారం పెట్టె మోసింది వాళ్ళ ఆఫీసు కుర్రాళ్ళు. ఊరివాళ్ళు ఎవరైనా పట్టుకోండి అని పాస్టరుగారు పిలిస్తే నేనొక్కణ్ణే ముందుకెళ్ళాను. ఈ వయసులో నా భుజం మొయ్యలేకపోయింది, పక్కకి తప్పించారు.

బస్సు దిగి ఇంటికి పోలేదు. టీకొట్టు దగ్గర నిలబడి సంచి, మెట్లు, బోర్డు, కాఫీ, అన్నీ చెప్పాను. శాలువా వాళ్ళకే తిరిగిచ్చేస్తానన్నాను.   బందరు బస్సొస్తే, గ్లాసు దించకుండా మాట్లాడినవాడు లేచి ఎక్కాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు ఎక్కారు. నేనూ మళ్ళీ ఎక్కాను.

మేం వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు. మట్టి అప్పటికే పూడ్చి, పైన పూలు పరిచేశారు. ముగ్గురూ గేటు దగ్గర చెప్పులు విడిచారు. పూలు కొంచెం పక్కకి జరిపి, తలా ఒక పిడికెడు మట్టి తీసుకుని, మళ్ళీ అక్కడే వేశారు.