అన్న అడిగిన స్విచ్చి

ఎదురుగా బండి వస్తుంటే డిప్పు కొట్టి లైట్లు కిందికి దించడానికి ఈ మనుషులకు ఏం రోగమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీట స్టీరింగు పక్కనే ఉంటుంది. ఒక్క వేలు కదిపితే ఎదుటివాడు క్షేమంగా ఇల్లు చేరతాడు. ఆ వేలు కదపరు. పైగా, డిప్పు కొట్టినా ఆరని లైట్లు పెట్టమని నా దగ్గరికే వస్తారు. కళ్లు నెత్తికెక్కడమంటే ఇదే.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డుంది. బండ్లకు వైరింగు చేస్తాను. అదనపు లైట్లు బిగించడంలో నాది ఒకటే పద్ధతి. కరెంటు బ్యాటరీ నుంచి తీసుకుంటాను. మధ్యలో ఫ్యూజు, రిలే పెడతాను. ఆ రిలేను పనిచేయించే సన్న వైరును మాత్రం దూరానికి కొట్టే హైబీము వైరుకే కలుపుతాను. హైబీము వెలిగితేనే ఈ లైట్లూ వెలుగుతాయి. డిప్పు కొట్టగానే అన్నీ కలిసి ఆరిపోతాయి. నాకు పని నేర్పిన ఉస్తాదు అట్లాగే నేర్పాడు, నేను అట్లాగే చేస్తున్నాను.

బిగించాక ఇంకో పని కూడా చేస్తాను. బండి యజమానిని పదడుగుల దూరంలో, బండికి ఎదురుగా నిలబెట్టి లైట్లు వేస్తాను. పట్టపగలు, షెడ్డు నీడలో కూడా మనిషి మొహం తిప్పుకోవాల్సిందే. "సూసినావు కదప్పా, ఎదుటోడికి నువ్వు ఇట్లుంటావు" అంటాను. కొందరు నవ్వి ఊరుకుంటారు. గుడ్డల అంగడి పెద్దమనిషి ఒకాయనైతే, "లైట్లు ఏయించుకునేకొచ్చినానా, బడికొచ్చినానా?" అని గయ్యిమన్నాడు. డిప్పుతో ఆరకుండా వేరే స్విచ్చి పెట్టమన్నాడు. పెట్టనన్నాను. నేరుగా పక్క షెడ్డుకు పోయాడు. పక్క షెడ్డువాడికి నేనంటే ఎప్పుడూ వేళాకోళమే. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నీకేమన్నా పోలీసోళ్లు జీతమిస్తాండారా మామా?" అంటాడు.

ఇంతవరకూ నాకు కోపమే తప్ప బాధ లేదు. బాధ మా అన్న వల్ల వచ్చింది.

మాది గొర్ల ఇల్లు. నేనొక్కడినే కట్టె వదిలి స్క్రూడ్రైవరు పట్టాను. మా అన్న మూడేళ్ల కిందటి దాకా గొర్లే మేపేవాడు. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మంద కట్టించుకుంటారు. గొర్లను రాత్రంతా ఆ చేనులోనే పడుకోబెట్టాలి. ఒకరోజు జమ్మలమడుగు దగ్గర అట్లాంటి చేనుకే పోతూ, పొద్దుగూకే వేళ అన్న మందను రోడ్డు దాటిస్తున్నాడు. ఒక కారు వచ్చి ఆగింది. మంద దాటేదాకా ఆగాడు మహానుభావుడు, లైట్లు మాత్రం ఆర్పలేదు, దించనూ లేదు. నాలుగు లైట్లు. అవతలి వైపు నుంచి మినీ లారీ వస్తోంది. అన్న దానికి ఎదురుగా పరిగెత్తి, భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఆఖరి క్షణంలో తను పక్కకు దూకి బతికాడు. పదకొండు గొర్లు పోయాయి.

లారీ డ్రైవరు దిగి వణుకుతూ, "నా పిల్లోళ్ల మీద ఒట్టు అన్నా, తెల్లగా తప్ప నాకేమీ కనపల్లా" అన్నాడు. మా అన్న ఆ వణికే మనిషినే కొట్టాడు. ఈలోగా కారువాడు సందు చూసుకుని జారుకున్నాడు. "వాడు దొరికితే కండ్లు పీకుతా" అని అన్న ఏడాది పొడుగునా అంటూనే ఉన్నాడు.

తరువాత మిగిలిన మందను అమ్మేసి పాత పికప్పు బండి కొన్నాడు. పులివెందుల తోటల్లో చీనీకాయలు ఎత్తుకుని, దారిలో మా ఊళ్లో ఇంత అన్నం తిని, ప్రొద్దుటూరు మార్కెట్టుకు తోలుతాడు. పోయిన ఎండాకాలం ఒకరోజు నాలుగు లైట్లు సంచిలో వేసుకుని నా షెడ్డుకు వచ్చాడు. అన్న బండి కదా, మిగతా పనులన్నీ పక్కన పెట్టి పొద్దున్నుంచి దానిమీదే కూర్చున్నాను. అంతా అయిపోవచ్చాక అన్నాడు, "వాటికి వేరే స్విచ్చి పెట్టురా. డిప్పుకు ఆరిపోకూడదు."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "ఏందన్నా, నువ్వా ఈ మాట అనేది?"

"నేనే. ఏం, అనకూడదా? ఆ పులివెందుల రోడ్డులో ఒక్కడన్నా డిప్పు కొడతాండాడా? కొట్టి కొట్టి నా యేలు అరిగిపోయింది. వాళ్లు దించరు, నేనెందుకు దించాల?"

"గొర్లు పోయింది మర్చిపోయినావా?"

"గొర్లు పోయింది నాయి. నీకేం తెలుసురా, ఈడ నీడపట్టున కూచోనుంటావు!"

నా ఒళ్లు మండిపోయింది. "అట్లయితే పో, పోయి బండి ముందర నిలబడు. అందరినీ నిలబెడతా, నిన్నూ నిలబెడతా" అని అరిచాను. అదే పౌరుషంతో పోయి నిలబడ్డాడు. నాలుగు లైట్లూ ఒక్కసారిగా వేశాను.

అన్న మొహం తిప్పుకోలేదు. భుజం మీది తువ్వాలు చేతిలోకి వచ్చింది. దాన్ని పైకెత్తి ఊపడం మొదలుపెట్టాడు. "ఆపప్పా... ఆపు... గొర్లుండాయప్పా" అన్నాడు. నన్ను పుట్టినప్పటి నుంచి "రా" అని తప్ప పిలవని మనిషి; ఆ "అప్పా" నాకు కాదు, ఆనాటి లారీవాడికి. నేను గబుక్కున ఆర్పేశాను.

అన్న అక్కడున్న పాత టైరు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. పాపం, ఇప్పటికి తెలిసొచ్చింది, ఇక ఆ స్విచ్చి మాట ఎత్తడు అనుకున్నాను. నీళ్లు తాగి చెంబు కింద పెట్టి, "ఇదేరా నాకు కావాల్సింది. సరిగ్గా ఇట్లే కొట్టాల ఆ నా కొడుకులకు" అన్నాడు.

నాకింక కళ్లు కనపడలేదు. బిగించిన లైట్లన్నీ వైర్లతో సహా పీకి బండిలో పడేశాను. "పో! యాడన్నా పెట్టించుకో పో! నా చేత్తో పెట్టను."

"నీ చేయి కాకపోతే ఊర్లో చేతుల్లేవా?" అన్నాడు. లేకేం, ఉన్నాయి. పక్క షెడ్డువాడు నా కళ్లెదుటే గంటలో పెట్టిచ్చాడు.

ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. వదిన ఫోను చేసి, "శానా తిరుగుతాండాడప్పా రాత్రిళ్లు, నాకు బయంగుండాది. చిన్నోడివి, నువ్వన్నా సర్దుకోకూడదా?" అంది. ఏం సర్దుకోవాలి, ఆయన ఎవడినో చంపినాక సర్దుకుంటానని ఆమె మీద కూడా అరిచాను. ఆమె తప్పేముంది, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం షెడ్డు మూసి బైకు మీద మా ఊరికి పోతాను. దారి పొడుగునా తెల్ల లైట్లే. కళ్లు బైర్లు కమ్మితే పక్కకు దిగి, కాలు కింద పెట్టి, కళ్లు మూసుకుని తిడతాను. లైట్ల వెనక మనిషి కనపడడు కాబట్టి తిట్టడం సులువు. మొన్న అట్లాగే ఒక బండి నన్ను గుంతలోకి దింపింది. పడబోయి తమాయించుకున్నాను. ఒళ్లు తెలియని కోపంలో వాడి అమ్మను పట్టుకుని, నోటికి రాకూడని మాటలన్నీ అరిచాను. బండి నన్ను దాటిపోయి స్పీడుబ్రేకరు దగ్గర నెమ్మదించింది. అప్పటికి నాకు కొంచెం చూపు వచ్చి, వెనక్కి తిరిగి చూశాను. పికప్పు వెనక డోరు మీద ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాలతో మా అమ్మ పేరు రాసి ఉంది.