తాబేలు చిప్ప పిడి

ప్రసాద్ బాబుకు చాకుల పిచ్చి ఎప్పుడు పట్టిందో అతని భార్య కృపావతికి తేదీతో సహా గుర్తుంది గాని, ఎందుకు పట్టిందో ఇప్పటికీ అంతు చిక్కలేదు. అతనిది పాలకొల్లు. మస్కట్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టోర్‌కీపరు. అక్కడి దార్సైట్ పేటలో రెండు గదుల ఫ్లాటు. సిగరెట్టు లేదు, మందు లేదు. ఉన్నదల్లా జేబులో మడిచి పెట్టుకునే పాతకాలపు చాకులు. ఒక బ్లేడుది, మూడు బ్లేడులది, పడవలా రెండు కొసలూ పైకి లేచినది, వేరుశనగ కాయంత బుల్లిది. ఒక్కో వాటానికి ఒక్కో పేరు. ఆ పేరు తప్పు పలికితే ఉడుక్కునేవాడు. ఇన్ని చాకులున్నా వాటితో ఇంట్లో ఒక్క ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు.

"కూరగాయలు కొయ్యని చాకులెందుకండీ మనకి?" అని కృపావతి అడిగితే, "బ్లేడు సంగతి వదిలెయ్, ఆ పిడి చూడు" అనేవాడు. ఆవిడ చూసేది కాదు.

ఆ పిడి సంగతి అర్థమయ్యే మనిషి మస్కట్ మొత్తంలో అతనికి ఒక్కడే దొరికాడు. నిసార్ అహ్మద్. కడప మనిషి, అల్ హైల్‌లో ఫర్నిచర్ వర్క్‌షాపులో వడ్రంగి. శుక్రవారం ఇతను చర్చి నుంచి, అతను జుమా నమాజు నుంచి వచ్చాక ఇద్దరూ హాల్లో దుప్పటి పరిచి చాకులు ముందేసుకునేవారు. ఇది ఎముక, ఇది గేదె కొమ్ము, ఇది ముత్యపు చిప్ప అని నిసార్ కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పేవాడు. ఒక్కసారీ తప్పేవాడు కాదు. ప్రసాద్ బాబుకు ఒళ్లు మండేది అక్కడే. వెతికి వెతికి కొన్నది తను, ఇంటర్నెట్టంతా చదివింది తను. తెలిసింది మాత్రం అతనికి!

రెండు వేల పదిహేనులో చమురు ధర పడిపోయి కంపెనీలు మనుషుల్ని సాగనంపుతున్న రోజులు. సామాను అమ్ముకుని వెళ్లిపోతున్న ఓ తెల్లాయన దగ్గర ప్రసాద్ బాబు ఒక చాకు కొన్నాడు. పిడి తేనెరంగు, మీద గోధుమ మచ్చలు. తాబేలు చిప్ప అన్నాడాయన. సంతోషంతో ప్రసాద్ బాబుకు మూడు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

నిసార్ దాన్ని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, దుప్పటి మీద పెట్టేశాడు.

"ఇది చిప్ప గాదన్నా, సెల్యులాయిడ్. పాతకాలం ప్లాస్టిక్కు. కర్పూరం వాసనొస్తాంది చూడు. దీన్ని మాత్రం కడమ వాటితో కలిపి మూత పెట్టొద్దు. ఈ ఎండలకు లోపల్లోపలే కుళ్లి ఆవిరి వదుల్తాది. పక్కనున్న ఇనుమునంతా ఆ ఆవిరి తినేస్తాది."

"తాబేలు చిప్పకి కూడా వాసనుంటుంది భాయ్," అన్నాడు ప్రసాద్ బాబు. ఉంటుందో లేదో అతనికేం తెలుసు! నోటికొచ్చింది అనేశాడు.

నిసార్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రంజాన్ నెలా పండగా ఇంట్లో గడపాలని జూన్‌లో రెండు నెలల సెలవు పెట్టి, వెళ్లే ముందు తన చాకు తెచ్చి ప్రసాద్ బాబు చేతిలో పెట్టాడు. అతనికున్నది ఆ ఒక్కటే. చనిపోయిన వాళ్ల నాన్న చేతిపని. దుప్పి కొమ్ము పిడి, కొమ్ముకీ దాని కింది ఇత్తడి రేకుకీ మధ్య గోరు కూడా దూరదు.

"పోయినతూరి దీనికోసం ఎయిర్‌పోర్టులో గంటసేపు నిలబెట్టిరి. రూములో పెడదామంటే ఎనిమిది మందిమి, ఎవడో ఒకడు దీంతో మామిడికాయ కోస్తాడు. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అన్నా."

ప్రసాద్ బాబు పొంగిపోయాడు. పొంగిపోయి, తన చాకులన్నీ దాచుకునే రేకు డబ్బాలో, నట్టనడుమ, తాబేలు చిప్ప చాకు పక్కనే దాన్ని పడుకోబెట్టాడు. అది గౌరవం చెయ్యడమని అతని ఉద్దేశం.

జూలై మొదట్లో డబ్బా తెరిస్తే నిసార్ చాకు బ్లేడు మీద ఎర్రటి చుక్కలు. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. ముందు సముద్రపు గాలిని తిట్టాడు. తర్వాత, పగలు ఏసీ ఆపేస్తున్నందుకు కృపావతి మీద పడ్డాడు.

"ఇద్దరం డ్యూటీకెళ్తా ఖాళీ ఇంటికి ఏసీ ఏసెళ్లమంటారా? మనుషులకి లేని భోగం చాకులకా?" అని ఆవిడా గట్టిగానే అందుకుంది. "ముందు నిసార్ గారికి ఫోన్ చేసి చెప్పండి. ఆయన అన్నట్టే అయ్యుంటది."

ఆ చివరి మాట ముల్లులా దిగింది. నిసార్‌కు చెప్పడమంటే తనది తాబేలు చిప్ప కాదని ఒప్పుకోవడమే. ప్రసాద్ బాబు ఒప్పుకోలేదు. ఆసుపత్రి స్టోరు నుంచి తేమ పీల్చే పొట్లాలు గుప్పెడు తెచ్చాడు. చాకును నూనె గుడ్డతో తుడిచాడు. పొట్లాలు పరిచి, మళ్లీ అదే డబ్బాలో, అదే చోట పెట్టాడు. ఇది బుద్ధిమాలిన పని అని లోపలెక్కడో తెలుస్తూనే ఉంది. తెలిసిన కొద్దీ మూత మరింత గట్టిగా నొక్కాడు.

ప్రతి శుక్రవారం కడప నుంచి ఫోన్ వచ్చేది. పిల్లల చదువులూ, అక్కడి ఎండలూ అన్నీ అయ్యాక చివర్లో అడిగేవాడు.

"చాకెట్లుందన్నా?"

"దానికేం భాయ్, బ్రహ్మాండంగా ఉంది."

ఫోన్ పెట్టేశాక ఎవరి మీద విసుక్కోవాలో తెలియక ప్రసాద్ బాబు టీవీ మీద విసుక్కునేవాడు. డబ్బా వంక చూడటానికే భయపడి, తెరవడం మానేశాడు.

ఆగస్టులో నిసార్ రావడానికి నాలుగు రోజుల ముందు తెరవక తప్పలేదు. ఘాటు ముక్కుకు కొట్టింది. తేనెరంగు పిడి బీటలు వారి పెచ్చులుగా రాలింది. దాన్ని ఆనుకుని ఉన్న చాకులు పూర్తిగా తుప్పు పట్టాయి, అంచుల్లో ఉన్నవి కొంచెం తక్కువ. తుప్పు ఎక్కడ పుట్టిందో పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. నిసార్ చాకయితే తెరుచుకోనే లేదు. నాలుగు రోజులు నూనె పోసి పోసి చివరికి తెరిచేసరికి బ్లేడు నిండా గుంటలు. తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం నిసార్ వచ్చాడు. కృపావతికి కడప కారప్పొడి తెచ్చాడు. ప్రసాద్ బాబు చాకు చేతికిచ్చాడు. నిసార్ పిడిని తడిమాడు. బ్లేడు తెరిచాడు. గుంటల మీద వేలు పోనిచ్చాడు.

"పిడి బాగుంది," అన్నాడు. "మా అబ్బా చేసింది పిడే. బ్లేడు అంగట్లో కొన్నింది."

ప్రసాద్ బాబుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "కొత్త బ్లేడు నేను వేయిస్తాను భాయ్. ఎక్కడైనా సరే, ఎంత ఖర్చయినా సరే."

"అబ్బా బిగించిన పిడి ఊడదీకుండా బ్లేడెట్ల మారుస్తావన్నా?"

ప్రసాద్ బాబు అది ఆలోచించనే లేదు.

"ఎప్పుడు చూసినావు తుప్పు?"

"జూలైలో."

"ఆరుతూర్లు ఫోన్ చేసినా. ఒక్కతూరి చెప్పింటే, తీసి బయట పెట్టమనేవాణ్ణి. అంతే గదా."

"నన్ను తిట్టు భాయ్," అన్నాడు ప్రసాద్ బాబు. నిజంగానే తిట్టించుకోవాలని ఉంది అతనికి.

నిసార్ తిట్టలేదు. చాకు మడిచి జేబులో వేసుకుని, టీ పూర్తిగా తాగి వెళ్లాడు. తర్వాతి శుక్రవారం వచ్చాడు, ఆ పై శుక్రవారమూ వచ్చాడు. కృపావతిని క్షేమం అడిగాడు, ప్రసాద్ బాబు చూపించిన పిడులన్నీ తడిమి పేర్లు చెప్పాడు. తన చాకు మాత్రం మళ్లీ ఎన్నడూ ఆ ఇంటికి తేలేదు.